ఏనాటి మాట ఆనాడే వ్రాసి ఉంచుదాం

(హొసూరు ప్రాంతపు తెలుగు ఉపాధ్యాయులు, కార్మికులు, బడిపిల్లల తల్లిదండ్రులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో సాధారణంగా భాష ప్రాచీనతను గూర్చి, రాష్ట్రాల పునర్విభజనలో మనకు జరిగిన అన్యాయాన్ని గూర్చి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. కాని వృత్తిరీత్యా న్యాయవాదిని కనుక నేను ఈ రోజు చాలా చిన్న వస్తువును గూర్చి చెప్పదలచుకున్నాను. అది ఏ అంగడిలోనైనా దొరికే గీతల నోటు పుస్తకం. ఆ పుస్తకం లేనందువల్ల, ఉండి కూడా దానిని కాపాడుకోలేనందువల్ల, మనవాళ్లు పోగొట్టుకున్న హక్కులు చాలా ఉన్నాయి. అందులో ఒకటి నా చేతి మీదుగానే పోయింది. ముందుగా ఆ సంగతి చెప్పుకుంటాను.

సుమారు పదిహేను సంవత్సరాల క్రితం ఈ ప్రాంతంలోనే ఒక చిన్న పరిశ్రమలో ప్రెస్సు యంత్రం మీద పనిచేసే తెలుగు కార్మికుడొకరు నా దగ్గరకు వచ్చారు. ఆయన కుడిచేతి వేళ్లు రెండు యంత్రంలో పడి పోయాయి. ఇ.ఎస్.ఐ. వర్తించని పరిశ్రమ అది. కనుక పరిహారం కోసం కార్మిక శాఖ కమిషనరు ఎదుట దావా వేయవలసి వచ్చింది. యాజమాన్యం వారు ఆయన ఆసుపత్రిలో ఉండగానే తమిళంలో వ్రాసిన ఒక కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారు. ఆయనకు తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. యంత్రానికి ఉండే రక్షణ మూతను తానే తీసివేసి పనిచేసినట్లు ఆ కాగితంలో ఉంది. అప్పట్లో అమలులో ఉన్న 1923 నాటి కార్మిక పరిహార చట్టం కింద అది చాలా ప్రమాదకరమైన వాక్యం. మరణం గాని, శాశ్వతమైన సంపూర్ణ అంగవైకల్యం గాని సంభవించని సందర్భంలో, కార్మికుడు రక్షణ సాధనాన్ని బుద్ధిపూర్వకంగా తొలగించినట్లు తేలితే యజమాని బాధ్యత నుంచి తప్పించుకోగలడు.

ఆయన చెప్పింది వేరు. వారం రోజులుగా మూత లేదని, రోజూ మేస్త్రీకి చెబుతూనే ఉన్నానని అన్నారు. "ఆధారమేమైనా ఉందా?" అని అడిగాను. సంచిలోంచి ఒక బడి నోటు పుస్తకం తీశారు. ముక్కకింత అని కూలి కనుక, ఏ రోజు ఎన్ని ముక్కలు కొట్టినదీ ఆయన రోజూ వ్రాసుకునేవారు. ఆ అంకెల కింద అక్కడక్కడా మాటలున్నాయి. "ఈ పొద్దూ మిషనుకు మూత లేదు. మేస్త్రీకి చెప్తిని. రేపు చూస్తామనె." అట్టకు నూనె మరకలు. ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు. పుస్తకమంతా మన హొసూరు మాట.

అప్పుడు నేను చేసిన పని ఏమిటో తెలుసా? "కోర్టుకు పోయేది కదా, దీన్ని శుభ్రంగా తిరిగి వ్రాయించి తీసుకురండి" అన్నాను. అంతటితో ఊరుకోక "చెప్తిని" అన్న చోట "చెప్పాను" అని, "ఈ పొద్దు" అన్న చోట "ఈ రోజు" అని దిద్దించాను. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆయన కూతురు ముత్యాల్లాంటి అక్షరాలతో కొత్త పుస్తకంలో ఎక్కించింది. పాత పుస్తకం చిత్తు కాగితాల వానికి పోయింది.

విచారణలో ఎదుటి పక్షం న్యాయవాది ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని మూడే ప్రశ్నలు అడిగారు. ఈ దస్తూరీ ఎవరిది? ఎప్పుడు వ్రాశారు? ఇందులోని భాష మీరు మాట్లాడేదేనా? ఆయన అబద్ధమాడని మనిషి. "నా బిడ్డ రాసింది సార్. పోయిన నెలలో. లాయరు సారు చెప్తే" అన్నారు. ఆ క్షణంలో ఆ పుస్తకం విలువ పోయింది. చివరికి రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. ఆయనకు న్యాయంగా రావలసిన దానిలో సగం కూడా రాలేదు. సత్యం మాకు అనుకూలంగానే ఉంది. దానిని చదవడానికి అందంగా చేయబోయి నేనే చెరిపివేశాను.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1872 నాటి భారత సాక్ష్య చట్టంలో 159, 160, 161 సెక్షన్లు ఉండేవి. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం, 2023 అమలులోకి వచ్చింది. అందులో ఇవే విషయాలు 162, 163, 164 సెక్షన్లలో ఉన్నాయి. వాటి సారాంశం ఇది. సాక్షి బోనులో ఉన్నప్పుడు, సంఘటన జరిగిన సమయంలోనో, జ్ఞాపకం ఇంకా తాజాగా ఉండగానో తాను వ్రాసుకున్న వ్రాతను చూసి జ్ఞాపకం తెచ్చుకోవచ్చు. వేరొకరు వ్రాసినా, అప్పుడే తాను చదివి సరియైనదని ఎరిగి ఉంటే దానిని కూడా చూడవచ్చు. వివరాలు ఇప్పుడు బొత్తిగా గుర్తులేకపోయినా, వ్రాసినప్పుడు సరిగానే వ్రాశానన్న నిశ్చయం ఉంటే, ఆ వ్రాతలోని విషయాలను సాక్ష్యంగా చెప్పవచ్చు. అయితే ఎదుటి పక్షం అడిగితే ఆ వ్రాతను వారికి చూపాలి. దాని మీద వారు ప్రశ్నలు వేయవచ్చు. నకలును చూసి చెప్పడానికి న్యాయస్థానం అనుమతించవచ్చు గాని, అసలు పత్రం ఎందుకు లేదో తగిన కారణం చూపాలి. "చిత్తు కాగితాలకు వేశాము" అన్నది తగిన కారణం కాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. మన పుస్తకంలో మనం వ్రాసుకున్నంత మాత్రాన అది రుజువైపోదు. మనిషి నోటితో చెప్పే సాక్ష్యానికి అది ఊతకర్ర. 1998లో సుప్రీంకోర్టు హవాలా డైరీల కేసులో, అంటే సి.బి.ఐ. వర్సెస్ వి.సి. శుక్లా కేసులో, ఈ సంగతే మరో కోణం నుంచి చెప్పింది. కుట్టిన పుస్తకాలు లెక్కల పుస్తకాలనిపించుకుంటాయి, విడి కాగితాలు కావు. పుస్తకమైనా సరే, అందులోని పద్దు ఒక్కదాని మీదనే ఒకరి మీద బాధ్యత మోపలేము, దానికి స్వతంత్రమైన ఆధారం తోడుండాలి. పోలీసుల కేసు డైరీ సంగతి కూడా చూడండి. అది పుటల సంఖ్యలు వేసిన ఒకే సంపుటంగా ఉండాలని 2008 నాటి సవరణతో చట్టంలో చేర్చారు. అప్పుడు కూడా న్యాయస్థానం దానిని విచారణలో సహాయంగా చూసుకుంటుందే గాని సాక్ష్యంగా స్వీకరించదు. పోలీసుల పుస్తకానికే ఇన్ని కట్టుబాట్లుంటే, మన పుస్తకం విషయంలో మనమెంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

కనుక ఎలా వ్రాయాలో చెబుతాను.

విడి కాగితాల మీద వ్రాయవద్దు. కుట్టిన పుస్తకం తీసుకొని, మొదటి రోజే పుటలకు అంకెలు వేయండి. పుటలు చింపవద్దు. తప్పు పడితే చదవడానికి వీలుండేలా ఒక్క గీత గీసి, పక్కన సరిచేసి, పొడి సంతకం పెట్టండి. ఖాళీ వదలవద్దు. సంఘటన జరిగిన నాడే వ్రాయండి. వీలుకాకపోతే మరునాడు వ్రాయండి, కాని మరునాడు వ్రాసినట్లు కూడా వ్రాయండి. వెనకటి తేదీ వేయడం మహాపరాధం. ఒక్క తేదీ అబద్ధమని తేలితే నూరు తేదీలూ పోతాయి.

చూసినది, విన్నది వ్రాయండి. మీ కోపాన్ని వ్రాయవద్దు. "హెడ్మాస్టరు నన్ను ఎప్పుడూ అవమానిస్తున్నారు" అన్న వాక్యం ఏ విచారణలోనూ నిలువదు. "మధ్యాహ్నం 12.40కి, స్టాఫు గదిలో, ఫలానా ఇద్దరు టీచర్ల ఎదుట, నా చేతిలోని తెలుగు వాచకాన్ని బల్లమీద పడవేసి ఈ మాట అన్నారు" అని వ్రాస్తే నిలుస్తుంది. ఆ మాట తమిళంలో అంటే ఆ తమిళ మాటనే తెలుగు లిపిలో వ్రాయండి. కన్నడంలో అంటే కన్నడ మాటనే వ్రాయండి. అర్థం పక్కన చెప్పుకోవచ్చు. అన్న మాట ఒకటి, మనకు అర్థమైనది మరొకటి. ఈ రెంటినీ కలపవద్దు.

మీకు వ్యతిరేకమైనది కూడా వ్రాయండి. ఇందుకొక ఉదాహరణ చెబుతాను. ఒక తెలుగు మాధ్యమ పాఠశాల ఉపాధ్యాయురాలి మీద, చెప్పకుండా బడి మానేస్తున్నారని ఆరోపణ వచ్చింది. శాఖాపరమైన విచారణ జరిగింది. ఆమె రోజువారీ పుస్తకం పెట్టుకునే అలవాటున్న మనిషి. ఆరోపించిన ఐదు రోజులలో నాలుగు రోజులు ఎక్కడ శిక్షణకు పంపారో, ఎవరు ఫోనులో ఆదేశించారో అందులో ఉంది. ఐదో రోజు పద్దులో "బస్సు తప్పిపోయింది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాను. తప్పు నాదే" అని ఉంది. విచారణాధికారి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. తన తప్పును తానే వ్రాసుకున్న మనిషి మిగిలిన నాలుగు రోజుల గురించి కల్పించి ఉండదని ఆయనకు తోచింది. ఆరోపణ వీగిపోయింది. శాఖాపరమైన విచారణలో న్యాయస్థానంలో ఉన్నంత కఠినమైన సాక్ష్య నియమాలుండవు, సంభావ్యత ఎటు మొగ్గుతుందో చూస్తారు. అటువంటి చోట నిజాయితీగా వ్రాసిన పుస్తకం బరువు ఇంకా పెరుగుతుంది.

ఇక పనిచేసే చోట ఇచ్చే నివేదికలు. మన పుస్తకం మన దగ్గరుండేది, నివేదిక పై అధికారికి పోయేది. రెండూ ఒకటి కావు. నివేదికలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమి జరిగింది, ఎవరు చూశారు, తరువాత మీరేమి చేశారు అన్నవి వరుసగా ఉండాలి. రెండు ప్రతులు వ్రాసి, ఒకదాని మీద అందినట్లు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడు పోస్టులో పంపి రసీదును పుస్తకంలో అంటించండి. పని స్థలంలో లైంగిక వేధింపులకు గురైన స్త్రీ 2013 నాటి చట్టం కింద మూడు నెలల లోపల వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. వ్రాయలేని స్థితిలో ఉంటే వ్రాయడానికి కమిటీ సభ్యులే సాయపడాలని కూడా ఆ చట్టంలో ఉంది. మన అక్కచెల్లెళ్లు చాలామంది, భాష రాదన్న సంకోచంతోనే ఆ మూడు నెలలూ గడిపివేస్తున్నారు.

ఒక హెచ్చరిక. ఆఫీసు దస్త్రాలను ఇంటికి తెచ్చుకోవద్దు, రహస్యంగా నకళ్లు తీయవద్దు. దస్త్రం సంఖ్య, తేదీ మాత్రం వ్రాసుకోండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద అడిగి తీసుకోవచ్చు. ఆ దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. నోటితో అడిగినదానిని వ్రాతలో పెట్టడానికి అధికారి సాయపడాలి. సెల్‌ఫోనులో తీసిన ఫోటోలు, వచ్చిన సందేశాలు ఉంటే ఫోనులోంచి తొలగించవద్దు. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం వాటిని దాఖలు చేయడానికి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం కావాలి. అందువల్ల ఫోనులో ఉన్నది కదా అని పుస్తకంలో వ్రాయడం మానవద్దు.

"అయ్యా, మా కోర్టులో తమిళం, మా తాలూకాలో కన్నడం. మేము తెలుగులో వ్రాసుకుంటే ఎవరు చూస్తారు?" అని మీరడగవచ్చు. బళ్లారి, కోలారు వారు ఇదే అడుగుతారు. రాయగడ, బరంపురం వారూ, షోలాపూరు, సిరొంచ వారూ ఇదే అడుగుతారు. తెలుగులో వ్రాసిన పత్రాన్ని అది తెలుగులో ఉన్నదన్న కారణంగా తోసిపుచ్చమని సాక్ష్య చట్టం ఎక్కడా చెప్పలేదు. అనువాదం జతచేయవలసి ఉంటుంది, అంతే. అసలు మాత్రం మీ మాటలోనే ఉండాలి. అరకొరగా వచ్చిన ఇంగ్లీషులో వ్రాసుకున్న సాక్షి, అడ్డుప్రశ్నలు వేసేసరికి తాను వ్రాసిన మాటకే అర్థం చెప్పలేక తడబడడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ ప్రెస్సు కార్మికుని "చెప్తిని" అన్న మాట ఆయన సంతకంతో సమానం. మరొకరెవరూ దానిని కల్పించి వ్రాయలేరు.

క్రిమినల్ న్యాయస్థానంలో తెలుగులో సాక్ష్యం చెప్పే హక్కు కూడా మనకుంది. నాగరిక్ సురక్షా సంహిత, 2023లోని 312వ సెక్షన్ ప్రకారం, సాక్షి న్యాయస్థానపు భాషలో కాక వేరొక భాషలో చెబితే, వీలైతే ఆ భాషలోనే నమోదు చేయవచ్చు. వీలుకాకపోతే న్యాయస్థానపు భాషలోకి సరియైన అనువాదం సిద్ధం చేయాలి. 313వ సెక్షన్ ప్రకారం, నమోదైన సాక్ష్యం తనకు తెలియని భాషలో ఉంటే, సాక్షికి తెలిసిన భాషలో దానిని వివరించాలి. పోలీసు ఠాణాలో మీరు నోటితో ఇచ్చిన సమాచారాన్ని వ్రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకొని, నకలు ఉచితంగా ఇవ్వాలని 173వ సెక్షన్ చెబుతుంది. మనం వీటిని అడగడం లేదు. చదవలేని కాగితం మీద సంతకం చేయవద్దు. చేయక తప్పని పరిస్థితి వస్తే, "నాకు తెలుగులో చదివి వినిపించలేదు" అని సంతకం పైన తెలుగులోనే వ్రాయండి. ఆ ఒక్క వాక్యం ఆసుపత్రి మంచం మీద మన కార్మికుడు వ్రాయగలిగి ఉంటే కథ వేరుగా ఉండేది. ఇక ఏ ప్రభుత్వాధికారికైనా, ఏ కష్టం గురించైనా, దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది. యానాంలో 1965 నాటి చట్టంలోనే తెలుగు వాడుకకు చోటు కల్పించారు. మిగిలిన చోట్ల మనకు ఈ 350వ అధికరణమే ఆసరా.

చివరగా మన బడుల సంగతి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని 1956లో ఏడవ సవరణ ద్వారా 350-ఎ అధికరణం వచ్చింది. భాషాల్పసంఖ్యాకుల కమిషనరు కార్యాలయం 350-బి కింద 1957లో ఏర్పడింది. బడిలో నలభై మంది గాని, తరగతిలో పదిమంది గాని ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని ఇవ్వాలన్న సూత్రం 1949 నాటి రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నుంచి ఉన్నదే. నలభై, పది అన్నవి అంకెలు. అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? బడి ప్రవేశ రిజిస్టరు నుంచి వస్తాయి. అది ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణలో నమోదు చేసే పుస్తకం, న్యాయస్థానంలో దానికి ప్రత్యేకమైన స్థానముంది. అందులో మాతృభాష అన్న గడిలో మీ బిడ్డ పేరుకు ఎదురుగా ఏమి వ్రాశారో మీలో ఎందరు చూశారు?

కొన్నేళ్ల క్రితం ఒక తెలుగు బడికి ఉపాధ్యాయుని వేయించాలని మేము ఒక అధికారి దగ్గరకు ప్రతినిధి వర్గంగా వెళ్లాం. "చాలా కాలంగా టీచరు లేరు" అన్నాం. "ఏ తేదీ నుంచి?" అన్నారాయన. మేము ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. "ఎందరు పిల్లలు?" అన్నారు. ముప్పై అని ఒకరు, యాభై అని ఒకరు అన్నాం. ఆయన రిజిస్టరు తెప్పించారు. అందులో సగం మంది పిల్లల మాతృభాష వేరుగా ఉంది. మేము ఎవరినీ నిందించలేకపోయాం, చేర్చిన నాడు ఏ తండ్రీ ఏ తల్లీ ఆ గడి చూడలేదు. అక్కడ మా ఉపన్యాసాలేవీ పనికి రాలేదు.

కనుక ఈ సమావేశం నుంచి నేను కోరేది పెద్ద తీర్మానం కాదు. ప్రతి తెలుగు బడి దగ్గర ఒక తల్లి గాని తండ్రి గాని ఒక పుస్తకం పెట్టాలి. తెలుగు ఉపాధ్యాయుడు ఏ తేదీన బదిలీ అయ్యారు, ఎన్ని రోజులు తరగతి జరగలేదు, పుస్తకాలు ఏ తేదీన వచ్చాయి, ఎన్ని వచ్చాయి, ఎవరికి అర్జీ ఇచ్చాం, ఎవరు అందుకున్నారు అన్నవి వ్రాయాలి. పిల్లల ఇళ్ల సంగతులు, కులగోత్రాలు అందులో అక్కరలేదు. ప్రవేశాల రోజున ఇద్దరు పెద్దలు బడి దగ్గర నిలబడి, మాతృభాష గడిని చూసిన తరువాతే సంతకం చేయమని తల్లిదండ్రులకు చెప్పాలి. కర్మాగారంలో, ఆఫీసులో పనిచేసేవారు తమ తమ పుస్తకాలు పెట్టుకోవాలి.

ఆ కార్మికుడు ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తారు. ఒకసారి క్షమాపణ చెప్పబోతే, "పోనీలెండి సార్, మంచికే చెప్తిరి" అన్నారు. ఆ మాట వినడం నాకు తేలిక కాలేదు. అప్పటి నుంచి నా దగ్గరకు ఎవరు ఏ పుస్తకం తెచ్చినా, నూనె మరకలతో, తప్పులతో, ఉన్నది ఉన్నట్లుగా దస్త్రంలో పెడుతున్నాను. దయచేసి మీరు కూడా దిద్దవద్దు. ఏనాటి మాట ఆనాడే, మీ మాటలోనే వ్రాసి ఉంచండి.